పదింటికి వస్తానంది

ఆదివారం పొద్దున లెనార్డ్ అందరికంటే ముందే కిందికి దిగి, వీధి కనిపించే కిటికీ పక్కన కూర్చున్నాడు. పదింటికి కూతురు వస్తుంది. వస్తానంది.

నల్లపొట్టేలు సత్రంలో ఇంకా పొయ్యి కూడా రాజెయ్యలేదు. రాత్రి జనం తాగిన బీరు వాసన గదిలో అలాగే ఉంది. బయట సన్నటి తుంపర. కొండ మీద చెట్లన్నీ రాగి రంగుకి తిరిగాయి. ఏటా ఆకులు పండే రోజుల్లో భార్య మ్యూరియల్‌తో కలిసి బర్మింగ్‌హామ్ నుంచి ఇక్కడికొచ్చి, మూడు రోజులుండి పోవడం అతని అలవాటు. ఆవిడ ఏప్రిల్‌లో పోయింది. ఈసారి ఒక్కడే వచ్చాడు.

కొండలు చూడ్డానికి మాత్రం రాలేదు. కూతురు జిలియన్ ఉండే ఊరు ఇక్కడికి దగ్గర.

తల్లిని పూడ్చే రోజున జిలియన్ ఎక్కిన రైలు దారిలో ఆగిపోయింది. అమ్మాయి కోసం ఓ ఇరవై నిమిషాలు ఆగుదామా అని పాదిరీ అడిగాడు.

"చెప్పిన టైమంటే టైమే," అన్నాడు లెనార్డ్.

జిలియన్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పెట్టె మీద మట్టి పడుతోంది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు.

పోయిన వారం ఇతనే వీధి చివర టెలిఫోను డబ్బాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు.

"ఆదివారం పదింటికి వస్తాను నాన్నా. నా కోసం ఆగితే మాట్లాడుకుందాం. ఈసారి కూడా ఆగకపోతే ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

"ఆగుతానమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పట్టింది.

సత్రం నడిపే మిసెస్ ట్రాంటర్ ఆవలిస్తూ వచ్చింది. చేతిలో పొయ్యిలోకి కట్టెలు. ఇతన్ని చూసి ఉలిక్కిపడింది.

"ఇదేంటండీ, ఎంతసేపయింది దిగి? ఆదివారం పూట మా ఆయన్ని లేపాలంటే క్రేను తెప్పించాలి. మీరేమో కోడి కంటే ముందున్నారు."

వెటకారమనుకున్నాడు. పల్లెటూళ్ళో ఆదివారమొస్తే ఒకరికీ ఒళ్ళు తెలియదు.

"టై కూడా కట్టారే. ఎవరన్నా వస్తున్నారా?"

"మా అమ్మాయి."

"అయితే ఇద్దరికీ కలిపి చెయ్యమంటారా టిఫిను?"

"నాకు పెట్టండి. తన సంగతి వచ్చాక చూద్దాం."

చేతి గడియారంలో పదయింది. వీధిలో పిట్ట లేదు. చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా ఒక్కరు బయటికి రాలేదు. చర్చి గంట కూడా మోగలేదు. ఈ ఊళ్ళో దేవుడు కూడా ముసుగుతన్ని పడుకున్నాడనుకున్నాడు.

ఏదో బండి చప్పుడైతే సగం లేచాడు. పాలబండి. మళ్ళీ కూర్చున్నాడు.

తడిసిన ఆకుల మీద చక్రాలు జారుతాయి, మెల్లిగా వస్తోందేమో. ట్రాక్టరు ఏదన్నా అడ్డం వచ్చిందేమో. పోనీ, పెట్రోలు కోసం ఆగిందేమో. అరగంట గడిచేసరికి కూతురి తరఫున చెప్పడానికి అతని దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

వేపిన గుడ్లు, పంది మాంసం ముక్కలు, పుట్టగొడుగులు ఎదురుగా చల్లారి, వాటి కొవ్వు నెయ్యిలా పేరుకుంది. ముట్టలేదు.

అప్పుడు తట్టింది అతనికి. దారిలో ఏమీ కాలేదు. కావాలనే కూర్చోబెడుతోంది. తల్లి పెట్టెని కాసేపు ఆపనివాడు ఎంతసేపు ఆగుతాడో చూస్తోంది. ఈపాటికి మంచం మీదే టీ తాగుతూ నవ్వుకుంటూ ఉంటుంది. ఆ పంతం ఎక్కడికి పోతుంది, తన కూతురే కదా.

చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండు కావస్తోంది. లేచి సంచీ తెచ్చుకున్నాడు.

"అదేంటి, అమ్మాయి వస్తుందన్నారుగా?" అంది మిసెస్ ట్రాంటర్.

"రాదు."

"ఇంకాసేపు చూడకూడదా? తిండి కూడా తినలేదు."

"చూశానమ్మా. చాలాసేపు చూశాను."

కారు ఎక్కి తాళం తిప్పాడు గానీ, కదల్చడానికి చెయ్యి రాలేదు. రోడ్డు ఆ చివర వరకూ చూశాడు. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత బయల్దేరాడు.

ఊరు దాటాక రెండు పక్కలా పొదల కంచె. ఒక్క కారు పట్టే దారి. ఎదురుగా వస్తున్న ఆకుపచ్చ కారు ఇతన్ని చూసి వెనక్కి వెళ్ళి, కంచె సందులో ఒదిగి దారిచ్చింది. ఇక్కడి పద్ధతి ప్రకారం లెనార్డ్ థాంక్స్ చెబుతూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తాడు. అవతలి నుంచీ ఒక వేలు లేచింది. తుంపరకి ఇద్దరి అద్దాలూ మసకబారి ఉన్నాయి.

ఆ ఆకుపచ్చ కారు నల్లపొట్టేలు ముందు ఆగింది. జిలియన్ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"మా నాన్నండీ. లెనార్డ్ గారని..."

"ఇప్పుడే వెళ్ళారమ్మా. ఉండమన్నాను, వినలేదు."

"నీలం కారా?"

"ఆఁ, నీలమే."

జిలియన్ కాసేపు ఆ కిటికీ పక్క కుర్చీకేసి చూసింది.

"ఇందాక దారిచ్చింది నేనేలెండి," అంది. "అమ్మని పూడ్చే రోజునే ఆగలేదు. ఇవాళ ఆగుతాడనుకోవడం నా బుద్ధితక్కువ."

మిసెస్ ట్రాంటర్ టీ తెస్తానంటున్నా వినకుండా వెళ్ళి కారెక్కింది.

ఇవాళ అక్టోబరు ఆఖరి ఆదివారం. ఏటా ఈ రోజు తెల్లారేలోగా ఈ దేశంలో అందరూ చలికాలపు టైముకని గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, పదకొండు కావలసిన వేళకి పదే అవుతుంది. ఇన్నేళ్ళూ లెనార్డ్ నిద్రపోయాక అతని గడియారం తిప్పిపెట్టింది మ్యూరియల్.