గడ్డకట్టిన టీకా

మార్చి పది, ఉదయం. తరవాత మాట మార్చకూడదని ఇప్పుడే రాసిపెడుతున్నాను.

టీకా వేసి నెలైంది. అయినా పదకొండు పందుల్లో మూడు ఈవేళ మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది.

కోడలు స్పీకరు పెట్టి పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"మందు ఫ్రీజర్లో గానీ పెట్టారా?"

"అవునండీ. కరిగాకే వేశాం."

"గడ్డకడితే ఆ మందు ఉత్త నీళ్లే! జబ్బు మందలోకి వచ్చాక మళ్లీ వేసినా లాభం లేదు. ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

"చదువుకున్నదానివి, సీసా మీద రాసింది చదవలేదా తల్లీ?"

కోడలు ఫోన్ పెట్టేసి పందుల దగ్గరికి వెళ్లింది. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను.

ఇక జరగవలసినవి:

1. జబ్బు చేసిన మూడింటినీ వేరే కొట్టంలో ఉంచాలి.

2. మిగతా ఎనిమిదింటికీ పూటపూటా జ్వరం చూడాలి. అంతకుమించి చేయగలిగింది లేదు.

3. కోడలు వద్దంటున్నా వినకుండా సీసాను ఫ్రీజర్లోకి మార్చింది నేనని డాక్టరుకు చెప్పాలి.