శివాజీ పాసు

“శివాజీ కావాలనే నాకు బంతి ఇవ్వట్లేదు సార్! జాన్ బూఝ్‌కే!” అంటూ రాకేష్ నీళ్ళ సీసా నేలకేసి కొట్టాడు.

బిలాస్‌పూర్ రైల్వే గ్రౌండ్‌లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఫుట్‌బాల్ సెలెక్షన్ మ్యాచి. హాఫ్‌టైమ్ అయింది. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. ఆశ పెట్టుకున్న ఇద్దరూ ఒకే జట్టువాళ్ళు. రాకేష్ గోల్ కొడతాడు, శివాజీ బంతి అందిస్తాడు. ఆ అందించడం కూడా మామూలుగానా! పెళ్ళి పంక్తిలో ఆకలిగా ఉన్నవాడి విస్తరి చూసి వడ్డించినట్టు, సరిగ్గా కావలసినవాడి కాలి దగ్గరే పడుతుంది బంతి.

అలాంటివాడు ఇవాళ మూడుసార్లు గోల్ ముందు ఖాళీగా ఉన్న రాకేష్‌ని వదిలేశాడు.

“ఏటిరా శివాజీ, ఉద్యోగం అనగానే స్నేహం ఎగిరిపోనాదా?” అన్నాడు కోచ్ గిరిబాబు.

“నాను కావాలని సెయ్యనేదు సార్.”

“మరేటి? సెలెక్టర్లు సూస్తన్నారు. ఇంకొక్కసారి ఇలాగయితే బయట కూకోబెట్టీస్తాను, ఆనక నీ ఇష్టం.”

గిరిబాబు విసుక్కుంటూ సెలెక్టర్ల వైపు వెళ్ళిపోయాడు.

ఒకే క్వార్టర్ల లైన్లో పుట్టి పెరిగిన స్నేహితులు. మొదటిసారి ఎడమొహం పెడమొహం అయ్యారు. పాపం, చూస్తే ఎవరికైనా బాధేస్తుంది.

రాకేష్ ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నాలుగడుగులు వేశాడు. శివాజీ గబుక్కున వెళ్ళి అతని ఎడమ చీలమండ పట్టుకున్నాడు.

“స్స్... ఛోడ్ యార్!”

“దెబ్బ ఎప్పుడు తగిలిందిరా?”

రాకేష్ గొంతు తగ్గించాడు. “నిన్న. తెలిస్తే సెలెక్టర్లు పక్కన పెట్టీస్తారని దాచాను. కుంటు కనబడకుండా పరుగు మార్చాను, అంతే. ఎవడూ పసిగట్టలేదు. అచ్ఛా! కుంటోడినని నాకు బంతి ఇవ్వలేదా?”

“కాదురా.”

“మరి? నా మీద కుళ్ళే కదా! సచ్ బోల్.”

శివాజీ చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎవులికీ సెప్పకురా, మెడికల్లో తీసేస్తారు. మన ఎర్ర జెర్సీ, ఆళ్ళ పచ్చ జెర్సీ నాకు ఒకలాగే కనబడతాయి. ఇన్నేళ్ళూ మిమ్మల్ని పరుగు సూసే పోల్చుకున్నాను. ఇయ్యాల నీ పరుగు సూసి, ఎవడో అవతలి జట్టోడనుకున్నాన్రా!”