మైత్రి గదిలో వేడి

...హాల్లో ఉంచితే కాక్టస్ చావదు గానీ, ఆ వేడికి సన్నగా సాగిపోయి, పాలిపోయి, ఇక పూయదు. చలికాలమంతా అది చల్లటి గదిలో, నీళ్ళు లేకుండా నిద్రపోవాలి. బయట పెడదామంటే ఈ మంచుదేశంలో ఒక్క రాత్రికే గడ్డకట్టిపోతుంది. ఇక మిగిలింది మైత్రి గదే అనుకుంటూ, భీమేశ్వర్ కుండీ పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ముళ్ళమొక్కకి ఎన్ని వైభోగాలో!" అంది భార్య వసుంధర వంటింట్లోంచి. నవ్వబోయి ఆగిపోయింది. దాన్ని కొనితెచ్చింది కూతురే. ఏ రంగు పూస్తుందోనని ఎంతో ఎదురుచూసింది.

"ఈ గదిలో వేడి తగ్గించు," అన్నాడతను ఇంటితో.

"మైత్రికి చలి పడదు కదా," అంది ఇల్లు. ఇప్పుడు అన్ని ఇళ్ళూ అంతే, ఏ మనిషికి ఎంత వెచ్చదనం కావాలో గుర్తుపెట్టుకుంటాయి. "తను ఇక ఇక్కడ ఉండదని చెబితే తగ్గిస్తాను."

మైత్రి పోయాక ఇది రెండో చలికాలం. చుట్టాలకి చెప్పాడు, ఆమె ఆఫీసుకి చెప్పాడు. ఇంటికి మాత్రం చెప్పలేదు. బయటినుంచి ఆ గోడకి చెయ్యి ఆనిస్తే, లోపల ఎవరో పడుకున్నట్టే వెచ్చగా ఉండేది. అది తనకు తాను చెప్పుకుంటున్న అబద్ధమని తెలిసీ రోజూ ఆనించేవాడు.

"నువ్వు చెప్పు, వసూ."

"నా వల్ల కాదండీ." మళ్ళీ ఆమే అంది: "వదిలేయండి. పూయకపోతే పూయకపోయింది."

అతను లోపలికి వెళ్ళి కుండీని కిటికీ పక్కన పెట్టాడు. లైటు ఆర్పమని చెప్పేటప్పటి మామూలు గొంతు కోసం కొంచెంసేపు వెతుక్కున్నాడు.

"మైత్రి ఇక రాదు," అన్నాడు. "వేడి తీసెయ్."