ట్యాంకు మీద గీత

మొదటి దెబ్బ చెవి కింద పడింది. బండి తుడుస్తున్నవాడు నేల మీద పడ్డాడు. చేతిలోని గుడ్డ ఎగిరి పాలిష్ డబ్బాలో పడింది.

"ఎవడిదిరా ఈ బండి?"

కొట్టినవాడు పెద్దన్న. వెనక షట్టరు సగానికి దించుతున్నవాడు నడిపివాడు. వాళ్ళ చిన్న తమ్ముణ్ణి వారం కిందట ఒక మోటార్ సైకిల్ గుద్దేసి, ఆగకుండా పోయింది. నిన్న పొద్దున ఆసుపత్రిలో ప్రాణం పోయింది. హెల్మెట్ వెనక మొహం ఎవరూ చూడలేదు. బండిని మాత్రం వీధి వీధంతా చూసింది. ముదురు ఎరుపు ట్యాంకు, తళతళలాడే క్రోమ్ సైలెన్సరు, గోధుమరంగు తోలు సీటు.

అంత ముద్దుగా చూసుకునే బండికి గీత పడితే దాని సొంతదారుకి అన్నం సయిస్తుందా? పాలిష్ షాపుకి రాక చస్తాడా? అన్నదమ్ములు ఆలోచించింది అదే. తమ్ముడి చితి ఆరకముందే ఊళ్ళో షాపులన్నీ గాలించడం మొదలుపెట్టారు. ఇది తొమ్మిదోది.

నడిపివాడు వంగి ట్యాంకు కుడివైపు తడిమాడు. జానెడు గీత. సగం రుద్ది పోగొట్టారు. సగం ఇంకా ఉంది.

"అన్నయ్యా, ఇదే."

నేల మీద పడ్డవాడు మెల్లగా లేచి కూర్చున్నాడు. ఒంటిమీద చిరుగుల బనియను, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, మోచేతుల దాకా నల్లటి మరకలు. "నాకేం తెలీదన్నా. పాలిష్ చేస్తున్నా, అంతే."

"తుడిచేవాడికి ఎవడి బండో తెలీదా? ఎవరికి పెడుతున్నావురా చెవిలో పువ్వులు?"

రెండో దెబ్బ ముక్కు మీద. బనియను ఎర్రబడింది. నడిపివాడికి అంత ఓపిక లేదు. పాపం వాడి కుడిచెయ్యి లాక్కుని, చిటికెన వేలు వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. ఆ కేకకి పై అరలో సీసాలు కూడా అదిరాయనిపించింది.

"నాకూ పిల్లలున్నారన్నా..."

"మావాడికి లేరా? ఏడాది పిల్ల రా! నిన్నట్నుంచి గుమ్మం వైపు చూసి నాన్నా నాన్నా అంటోంది." పెద్దన్న వచ్చిన ఏడుపుని బూతుమాటతో మింగేశాడు. "నీతో మాకేం పగ లేదు. రెక్కాడితేగాని డొక్కాడనివాడివి. మధ్యలో నువ్వెందుకు చస్తావు? వాడెవడో చెప్పు, వదిలేస్తాం."

"చెబితే... వాణ్ని ఏం చేస్తారు?"

"మావాడు పోయిన దారినే పంపిస్తాం."

పాలిష్ చేసేవాడు చాలాసేపు తల దించుకుని ఏడ్చాడు. ఎంతైనా మనిషి ప్రాణం. ఒక్క మాటతో పోతుంది.

"వస్తాడు," అన్నాడు చివరికి. "ఇప్పుడే వస్తానని వెళ్ళాడు."

"అలా రా దారికి. అప్పటిదాకా నీ పని నువ్వు చేస్తూ ఉండు. వాడికి అనుమానం రాకూడదు."

విరిగిన వేలు గాలిలో ఉంచి, మిగతా నాలుగు వేళ్ళతో గుడ్డ పట్టుకున్నాడు. ట్యాంకు మీద గీతని చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. పళ్ళ బ్రష్షుతో చక్రం పుల్లల సందులు తోమాడు. సీటుకి నూనె పట్టించాడు. ముక్కులోంచి కారుతున్న రక్తం తోలు మీద పడకుండా మాటిమాటికీ మోచేత్తో తుడుచుకున్నాడు.

"పనిమంతుడివే," అన్నాడు నడిపివాడు షట్టరు పక్కనుంచి. వాడి చేతిలో ఇనపరాడ్డు ఉంది.

పావుగంట గడిచింది. షట్టరు కిందనుంచి ఒకాయన వంగి లోపలికి వచ్చాడు. మడత నలగని తెల్లచొక్కా, నల్ల కళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు.

"షట్టరెందుకు దించినట్టు? బండి అయిపోయిందా?"

పెద్దన్న కళ్ళతోనే అడిగాడు. పాలిష్ చేసేవాడు వచ్చినాయన వైపు ఒక్కసారి చూశాడు. తల వంచుకుని, అవునన్నట్టు ఊపాడు.

రాడ్డు దవడ మీద పడింది. ఆ నోట్లోంచి ఇక మాటన్నది రాలేదు. తర్వాత మోకాళ్ళు. ఆ తర్వాత పక్కటెముకలు. తెల్లచొక్కా ఎక్కడ తెల్లగా ఉందో వెతుక్కోవాలి. పెద్దన్న ఏడుస్తూనే తన్నాడు. "ఇది మా తమ్ముడికి! ఇది వాడి పెళ్ళానికి! ఇది ఆ పసిదానికి!"

కిందపడ్డ ఆయన చెయ్యెత్తి పాలిష్ చేసేవాడి వైపు చూపించాడు. నోటినిండా రక్తంతో ఏదో గొణిగాడు.

"వాణ్ని చూపిస్తావేంట్రా? పట్టిచ్చాడని కోపమా?" నడిపివాడు ఆ చేతిని బూటుతో తొక్కి నేలకి అదిమాడు.

ఇంకో నాలుగు దెబ్బలకి కదలడం ఆగిపోయింది.

పెద్దన్న చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. బయటికి వెళ్ళబోతూ పాలిష్ చేసేవాడి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ వేలు విరిచాం. మనసులో పెట్టుకోకురా. కట్టు కట్టించుకో. మమ్మల్ని మాత్రం చూడలేదని చెప్పు."

"చూడలేదన్నా."

వాళ్ళు వెళ్ళిపోయారు. సైలెన్సరు మీద చిందిన రక్తాన్ని వాడు ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచాడు. ట్యాంకు మీద మిగిలిన ఆ రెండంగుళాల గీతని కూడా ఓపిగ్గా పోగొట్టాడు.

ఆ తర్వాత ఎడమచేత్తో జేబులోంచి తాళంచెవి తీసి, నేలమీద పడున్న షాపు యజమానికి తగలకుండా జాగ్రత్తగా పక్కకి తిప్పుకుని, పరాయి చెయ్యి పడనివ్వని తన సొంత బండెక్కి వెళ్ళిపోయాడు.