ఒక్క అభ్యంతరమూ లేదు

"నెల రోజులు గడువిచ్చాం. ఒక్కటంటే ఒక్క అభ్యంతరం రాలేదు. సిస్టంలో సున్నా చూపిస్తోంది," అంటూ ఇన్‌స్పెక్టరు పోస్టాఫీసు కౌంటరు మీద తన టాబ్లెట్ పెట్టాడు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పాడు. పది ఆఫీసుల్లోంచి పోగుచేసిన చెవులవి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం ఉంది గానీ, ఏది ఏ తాళానిదో ఆయనకే తెలియదు. "సాయంత్రం అయిదింటికి ఈ ఆఫీసు మూసేస్తున్నాం. ఇక అన్నీ ఫోన్లోనే."

కౌంటరు ముందున్న నలుగురూ గొల్లుమన్నారు.

"రాలేదంటారేంటండీ! నా చేత్తో నేనే రాసి వేశాను. మా వీధంతా రాసింది," అన్నాడు దర్జీ.

"ఎక్కడ వేశావ్?"

"మీ నోటీసులో ఎక్కడ వేయమన్నారో అక్కడే. బయట ఎర్ర పెట్టెలో. ఈ పెట్టెలో పడ్డవే లెక్క, చేతికిస్తే చెల్లదు అని రాసింది మీరే కదా!"

"అందరిదీ ఇదే పాట. వేశాం, వేశాం అంటారు. వేసినవి ఆవిరైపోతాయా?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. జనం మొహం మీద అలా నవ్వడానికి పై ఆఫీసులో ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు కాబోలు.

వరసలో ముందున్న బామ్మ రెండు చేతులూ కౌంటరు మీద పరిచింది. "నాయనా, ఇళ్లల్లో బట్టలుతికి ఉతికి నా వేళ్లు అరిగిపోయాయి. ఆ వేలిముద్రల మిషను నన్ను గుర్తుపట్టదు. లోపలున్న ఈ అమ్మాయైతే నా మొహం చూసి, సంతకం పెట్టించుకుని పింఛనిస్తుంది. ఇది మూసేస్తే నేనేం తిని బతకను?"

"వేలు పడకపోతే కన్ను పెట్టండి బామ్మా. కన్నూ పడకపోతే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి."

"చేస్తే ఎవరు మాట్లాడతారు?"

"ఎవరూ మాట్లాడరు. మిషనే మాట్లాడుతుంది," అన్నాడు, ఆ మిషన్ని తానే కన్నంత గర్వంగా.

లోపల కూర్చున్న పోస్టుమాస్టరమ్మ లేచి నిలబడింది. "అయ్యా, ఆ పెట్టె సంగతి ఒక్క మాట..."

"మీ మాటలు తర్వాత. ముందు సామాన్ల లిస్టు తీయండి. అప్పగింతలు కానిద్దాం."

ఆమె రిజిస్టరు తెచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటే చదువుతూ టిక్కు పెట్టసాగాడు. తేదీ ముద్ర ఉంది. తక్కెడ ఉంది. లక్క కరిగించే గిన్నె ఉంది. కుర్చీలు రెండు.

"దీన్ని కుర్చీ అంటారా? దీనికీ పింఛనివ్వాలి," అని తన జోకుకి తానే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఈలోగా దర్జీ కౌంటరు మీది పెన్ను లాక్కుని ఒక కార్డు మీద గబగబా నాలుగు ముక్కలు గీకాడు. "అయిదింటిదాకా గడువుంది కదా, ఇంకోటి వేస్తా. ఇదైనా సిస్టంలో కనపడుతుందేమో," అని బయటికి పరిగెత్తాడు. అంతే వేగంగా కార్డుతో తిరిగొచ్చాడు.

"పెట్టెలోకి పోవట్లేదండీ. ఎంత నెట్టినా సగం బయటే ఉంటోంది."

"తుప్పు పట్టి ఉంటుంది. ఆఫీసుకి తగ్గ పెట్టె," అన్నాడు ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండా. "పదిహేడో నంబరు. ఉత్తరాల పెట్టె తాళంచెవి, ఒకటి. ఏదీ?"

"లేదండీ," అంది పోస్టుమాస్టరమ్మ.

ఇన్‌స్పెక్టరు వేలి మీద గుత్తి ఆగిపోయింది. మొహం వెలిగిపోయింది. "లేదా? ఆఫీసు ఆస్తి పోగొట్టి ఇన్నాళ్లూ దాచారా?"

"దాచలేదండీ. నాలుగుసార్లు పైకి ఫిర్యాదు పెట్టాను. మీరు చెప్పినట్టు ఆన్‌లైన్లోనే. నాలుగుసార్లూ 'మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఎన్ని నక్షత్రాలిస్తారు' అని వచ్చింది."

"సాకులొద్దు. నెల రోజులుగా పెట్టె తెరవలేదన్నమాట! ఇక అభ్యంతరాలెలా వస్తాయి మరి! అదృష్టవంతులమ్మా మీరు, ఇవాళ ఆఫీసుతో పాటు ఉద్యోగం కూడా మూతపడుతుంది."

బామ్మ పోస్టుమాస్టరమ్మ చెయ్యి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు రిజిస్టరు లాక్కుని, అందరికీ వినపడేలా పైకి చదువుతూ రాశాడు. "పెట్టె తెరవకపోవుటకు పూర్తి బాధ్యత తాళంచెవి ఎవరి వద్ద ఉండవలెనో వారిదే. వారిని తక్షణం విధుల నుంచి తొలగించవలెనని సిఫారసు చేయుచున్నాను." కింద బరబరా సంతకం గీసి, దానికి పొడుగాటి తోక కూడా తగిలించాడు. "ఇప్పుడు చెప్పండి. ఎక్కడ పారేశారు?"

పోస్టుమాస్టరమ్మ తొణకలేదు. అదే రిజిస్టరులో నాలుగు పేజీలు వెనక్కి తిప్పింది. నోటీసు అంటించిన రోజు తేదీ ఉంది అక్కడ. ఆమె నిదానంగా చదివింది. "పెట్టెకు డిజిటల్ తాళం బిగించు నిమిత్తం పాత తాళంచెవిని నా వెంట తీసుకుపోవుచున్నాను."

దర్జీ కౌంటరు మీదికి వంగి రెండు సంతకాలూ మార్చి మార్చి చూశాడు. "తోక కూడా అదేనండోయ్!"

ఇన్‌స్పెక్టరు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగుంబావు.

"గడువు ఇంకా ముప్పావుగంట ఉందండీ," అంది పోస్టుమాస్టరమ్మ, తేదీ ముద్ర చేతిలోకి తీసుకుంటూ. "ఆ గుత్తి ఇటివ్వండి. మీ వేలికి వేలాడుతోందే ఎర్రదారంది, అదే."