ఉస్తా చేతి రాగి

"నన్నెప్పుడు చంపావే?" అని అరిచాడు ఉస్తా బయ్యూమీ.

కూతురు ఇన్సాఫ్ ఫోన్‌లోంచి తలెత్తింది. కైరో కంచరివాళ్ళ వీధిలో ఉస్తా అంటే పనిలో గురువు; బయ్యూమీ సుత్తి రెండు సందుల అవతలికి వినిపిస్తుంది. ఇవాళ సుత్తి కింద పెట్టి గొంతెత్తాడు.

"టీ కొట్టు హనఫీ చక్కెర లేని కాఫీ పట్టుకొచ్చాడు, చావింటికి తెచ్చినట్టు. నన్ను చూసి హడలిపోయి కప్పు వదిలేశాడు. అదీ నా కాళ్ళ మీదే! ఏం పెట్టావు ఆ ఫోన్‌లో?"

"వీడియో, యాబా. నీ మొహం, నీ చేతులు, రాగి. అంతే."

చూపించింది. ముడతలు పడ్డ చేతులు నెమ్మదిగా కదులుతున్నాయి. వెనకాల, కొట్టు తెరవగానే రోజూ పెట్టే రేడియోలో ఖురాన్ పారాయణం.

బయ్యూమీ తల పట్టుకున్నాడు.

"ముసలివాడి మొహం, వెనక పారాయణం. చూసినవాళ్ళు పెళ్ళి అనుకుంటారా?"

కింద వేలమంది, పోయినవాళ్ళ కోసం అనే ఒకే మాట రాశారు: అల్లా ఆయన్ను కరుణించుగాక.

"మొదట సైటన్నావు. వెతికితే మన పేరే పైనుంటుందన్నావు. తర్వాత అందరూ ఫోన్‌లోనే చూస్తున్నారని దాన్ని కుదించావు. ఆ తర్వాత ఎవరూ చదవట్లేదు, వీడియోలే అన్నావు. ఇప్పుడేమో ఫోన్‌నే నోటితో అడుగుతున్నారంటావు. ఇన్నిసార్లు వంచితే రాగైనా విరుగుతుంది తల్లీ. ఏదీ, అడుగు దాన్ని."

ఇన్సాఫ్ అడిగింది. "కైరోలో చేత్తో కొట్టిన రాగి పాత్రలు ఎక్కడ దొరుకుతాయి?"

ఫోన్ తీయగా చెప్పింది. "బయ్యూమీ కొట్టుకు మంచి పేరుంది. ఉస్తా ఈ మధ్యే కన్నుమూశారు."

"దానికీ చెప్పేశావన్నమాట! తుడిచెయ్. బతికే ఉన్నాడని రాయి."

ఇన్సాఫ్ రాయడం మొదలుపెట్టింది. గోడ మీద సుద్ద గీతలున్నాయి. ఎనిమిది నెలలుగా ఒక్క గిన్నె కదల్లేదు. ఇలాగే ఉంటే గురువారం కొట్టు గాబిర్‌కి ఇచ్చేయాలని మాటైపోయింది. గాబిర్ ఫోన్లకు తొడుగులమ్ముతాడు. అరలెక్కడ బిగించాలో నిన్ననే గీతలు గీసి పోయాడు.

ఫోన్ టింగుమంది. ఇన్సాఫ్ వేలు ఆగింది.

"ఏమిటది?"

"ఎవరో, ఆ మహానుభావుడి చేతి పాత్రలు ఎన్ని మిగిలున్నా తమకే ఇవ్వమంటున్నారు."

మళ్ళీ టింగుమంది. మళ్ళీ. తండ్రీ కూతుళ్ళు అరల్లో దుమ్ము పట్టిన పదకొండు గిన్నెల వైపు చూశారు.

"ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారే?"

"ఇక్కడే, యాబా. నువ్వు బతికున్నావు కదా, తొందరేముందని ఊరుకున్నారు."

బయ్యూమీ గొంతు తగ్గింది. "నేను అబద్ధమాడను."

"నిన్నెవరు ఆడమన్నారు? పోయినవాళ్ళు మాట్లాడరు కదా."

అతను సుద్ద గీతల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వంగి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

గురువారం గాబిర్ టేపు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో జనం. టేపు జేబులో పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "అల్లా ఆయన్ను కరుణించుగాక" అని వెళ్ళిపోయాడు.

నల్లబట్టల్లో ఉన్న ఇన్సాఫ్ గిన్నెలు కాగితంలో చుడుతోంది. కళ్ళద్దాల పెద్దావిడ ఒక గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, మీద పడ్డ సుత్తి దెబ్బల్ని ఒక్కొక్కటే తడిమింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఇలాంటి చేతుల్ని ఉన్నన్నాళ్ళూ పట్టించుకోం. ఒక్కసారి కళ్ళారా చూసుకుని ఉంటే ఎంత బాగుండేది! ఇంకేమైనా మిగిలాయా తల్లీ?"

"వచ్చే వారం రండి. వెనక గదిలో ఇంకా ఉన్నట్టున్నాయి."

వెనక గది తలుపుకి తాళం వేసి ఉంది. దాని అవతల నుంచి, గుడ్డ చుట్టి కొడుతున్నట్టు మెత్తగా, ఆగి ఆగి చప్పుడు.

ఆవిడ చెవి ఒగ్గింది. "అదేమిటమ్మా?"

"ఎలుకలమ్మా," అంది ఇన్సాఫ్ తలెత్తకుండా. "నాన్న పోయాక మరీ ఎక్కువయ్యాయి."