గడప దాటినవాటి లెక్క

బార్కస్‌లోని పాడుబడ్డ నవాబుల దేవిడీలో గబ్బిలాలను లెక్కపెట్టడానికి జంతుశాస్త్రం లెక్చరర్ శ్రీహరిరావు ఏటా వస్తాడు. లోపల తలుపు పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి, గడప దాటి బయటికెగిరిన ప్రతిదానికీ చేతిలోని కౌంటర్ మీట టక్కున నొక్కుతాడు. పందొమ్మిది వందల డెబ్బై ఐదులో నాలుగువందల గబ్బిలాలు. నిరుడు అరవై. ఈ రాత్రి ఒక్కటీ రాలేదు.

"అన్ని సచ్చినయేమో సార్. పోదాం పాండ్రి," అంటూ కాపలాదారు కైలాసం లాంతరుతో గడప దాటాడు.

లోపలి చీకట్లో టక్కుమంది.

శ్రీహరిరావు తన కౌంటర్ చూసుకున్నాడు. అన్నీ సున్నాలే.

"ఏంది సార్ ఆ సప్పుడు?" కైలాసం లోపలికొచ్చాడు. ఈసారి టక్కుమనలేదు. భయపడి మళ్లీ బయటికి దూకాడు.

టక్.

"జల్ది రాండ్రి సార్!"

శ్రీహరిరావు ఎత్తిన కాలు గడప మీదే ఆగిపోయింది. వెనకాల ఎవరో ఊపిరి బిగబట్టారు.